పెట్టె పిచ్చుకకు, చెట్టు గిజిగాడికి

ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. 2010 నుంచి జరుగుతున్న ఈ రోజున బడుల్లో, అపార్ట్‌మెంట్లలో చెక్క గూళ్లు పంచుతారు. మంచి పనే. కానీ పెట్టె తగిలించి గింజలు చల్లితే పక్షులు బతికిపోతాయన్న నమ్మకం కూడా దీనితోపాటే బలపడుతోంది. అది ఎంత పొరపాటో పిచ్చుక పక్కన గిజిగాడిని పెట్టి చూస్తే తెలుస్తుంది. రెండూ గుప్పిట్లో ఇమిడేవే, గింజలు తినేవే. గూడు కట్టే కాలం దాటి పసుపు రంగు పోయాక మగ గిజిగాడు కూడా అచ్చం ఆడపిచ్చుకలాగే ఉంటుంది. అయినా వాటి కుటుంబాలు వేరు, కాపురాలు మరీ వేరు.

పిచ్చుకకు ఒక సందు చాలు. పెంకుల కింద, చూరులో, గోడ బొక్కలో గడ్డీ ఈకలూ కూరుకుంటుంది. స్లాబు ఇళ్లలో ఆ సందులు లేవు కనుక పెట్టె ఆ లోటు తీరుస్తుంది. గిజిగాడికి కావలసింది గడ్డి, చెట్టు, నీళ్లు. మగపక్షి గడ్డి ఆకు అంచున ముక్కుతో గాటుపెట్టి, ఆ కొస పట్టుకుని ఎగురుతూ సన్నని పోగు చీల్చుకుంటుంది. అలా వందలసార్లు తిరిగి, ముడులు వేస్తూ అల్లుతుంది. గూడు సగమై టోపీలా వేలాడుతున్నప్పుడు ఆడపక్షి వచ్చి చూస్తుంది. దానికి నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. ఆ జంట కుదిరాక మగపక్షి మరో గూడు మొదలుపెడుతుందని 1930 ప్రాంతంలోనే పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గమనించి చెప్పారు. ఇన్ని గూళ్లకు సరిపడా పొడవాటి గడ్డి, శత్రువులకు అందకుండా బావి మీదికో చెరువు మీదికో వంగిన తాడి, ఈత, తుమ్మ చెట్లు ఉండాలి. బావి పూడ్చి చెట్టు నరికాక ఎన్ని పెట్టెలు కట్టినా గిజిగాడు రాదు.

గిజిగాడు అంతరించే జాతుల జాబితాలో లేదు కదా అనవచ్చు. ఊరపిచ్చుక కూడా లేదు. పక్షి విరివిగా ఉన్నప్పుడే దాని చోటు నిలపడం తేలిక. పంట తింటుందన్న రైతు మాటలో నిజముంది. అయితే ఈ రెండూ పిల్లలకు పురుగులనూ మేపుతాయి. 1958లో చైనా పిచ్చుకలను వేటాడించి, పురుగులు పెరిగాక 1960లో ఆ పని మానుకుంది. అందుకే పెట్టెలు పంచే చేతులు ఇంకో పని కూడా చేయాలి. గూళ్లు వేలాడే చెట్టును వానాకాలంలో ముట్టకూడదని, చెరువు గట్టు గడ్డిని కొంతైనా కోయకుండా వదలాలని పంచాయతీలు తీర్మానించుకోవాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు, ఆ పక్షికి ఏం కావాలో తెలిస్తే చాలు.