పాత పుస్తకం... నడిసంద్రంలో ప్రమాదం
కాలం చెల్లిన ప్రతులతో నౌకా ఇంజినీర్లకు ముప్పు
తెలుగులో చిన్న పుస్తకాలైనా అవసరం

విశాఖపట్నం: నడిసముద్రంలో ఓడ ఇంజను మొరాయిస్తే ఒడ్డు నుంచి మెకానిక్‌ను పిలిపించే వీలుండదు. యంత్రగదిలో ఉన్నవారే దాన్ని బాగుచేసుకోవాలి. అనుభవంతో పాటు అక్కడ వారికి అండగా నిలిచేవి సాంకేతిక గ్రంథాలే. 1933లో నౌకాశ్రయం ప్రారంభమైన విశాఖలో ఓడ ఉద్యోగాలపై ఆశ పెట్టుకున్న యువతకు కొదవలేదు. వారు ఏ పుస్తకం చదువుతున్నారు, అది ఏనాటిది అన్నది కేవలం పరీక్షకు సంబంధించిన విషయం కాదు. ప్రాణాలకు సంబంధించినది.

ప్రాణాలు పోయాక పుట్టిన పాఠం

1947 సెప్టెంబరు 11న బెల్‌ఫాస్ట్ సమీపంలో రీనా డెల్ పసిఫికో అనే ఓడ సముద్ర పరీక్షల్లో ఉండగా ఇంజన్ల క్రాంక్‌కేసులు పేలాయి. 28 మంది మరణించారు. ఇంజను లోపల ఏదైనా భాగం మితిమీరి వేడెక్కితే దాన్ని తాకిన కందెన నూనె ఆవిరై, సన్నని పొగమంచులా కమ్ముకుంటుంది. అది తగిన మోతాదులో గాలితో కలిసి నిప్పంటుకుంటే పేలుడు తప్పదు. అందుకే నూనె పొగ హెచ్చరిక మోగగానే వేగం తగ్గించి ఇంజను ఆపాలని, చల్లబడే దాకా కనీసం 20 నిమిషాలు తలుపులు తెరవరాదని బోధిస్తారు. ఏం జరిగిందో తలుపు తీసి చూడాలనిపించడం సహజం. కానీ ఆ తొందరపాటే లోపలికి గాలిని పంపి ప్రాణం తీస్తుంది. పుస్తకంలోని ఒక్క వాక్యం విలువ అది.

సూత్రం పాతదే... నిబంధన కొత్తది

పౌండర్స్ మెరైన్ డీజిల్ ఇంజిన్స్, రీడ్స్ శ్రేణి వంటి గ్రంథాలను తరతరాల ఇంజినీర్లు చదివారు. ఉష్ణగతి శాస్త్రం, ఇంజను పనిచేసే తీరు వంటివి పాత ప్రతిలో చదివినా నష్టం లేదు. చిక్కంతా నిబంధనలతోనే. శుద్ధి పరికరాలు లేని ఓడల ఇంధనంలో గంధకం పరిమితి 2020 జనవరి 1న 3.50 శాతం నుంచి 0.50 శాతానికి తగ్గింది. ఇంధనం మారితే సిలిండరు నూనె కూడా మారాలి. ఎక్కువ గంధకానికి తగిన నూనెనే కొనసాగిస్తే పిస్టన్‌పై గట్టి పొరలు పేరుకొని సిలిండరు అరిగిపోతుంది. సముద్రంలో చెత్త పారవేతపై ఆంక్షలు 2013లో కఠినమయ్యాయి. ప్రమాదకర సరకుల రవాణా నియమావళిని రెండేళ్లకోసారి సవరిస్తున్నారు. కాలం చెల్లిన పత్రాలను ఓడపై వాడుకలో ఉంచరాదని అంతర్జాతీయ భద్రతా నిర్వహణ నియమావళి నిర్దేశిస్తోంది. ఓడకు వర్తించే ఈ సూత్రం గ్రంథాలయానికి వర్తించకపోతే ఎలా?

పల్లె విద్యార్థికి రెట్టింపు భారం

విశాఖలో భారతీయ సముద్ర విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. చేపల వేట నౌకలకు సిబ్బందిని తీర్చిదిద్దే సిఫ్‌నెట్ కేంద్రం కూడా ఉంది. అయితే నౌకా ఇంజినీర్ల అర్హత పరీక్షలు ఆంగ్లంలోనే సాగుతాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన మత్స్యకారుల బిడ్డ యంత్రంతో పాటు భాషతోనూ కుస్తీ పట్టాల్సి వస్తుంది. విదేశీ ప్రచురణల ధర సామాన్య కుటుంబానికి భారం కావడంతో చేతులు మారిన పాత ప్రతులే దిక్కవుతాయి.

ఇందుకు పరిష్కారం అసాధ్యమేమీ కాదు. గ్రంథాలయాల్లోని పాత ప్రతుల్లో మారిన నిబంధనలున్న అధ్యాయాలను గుర్తించి హెచ్చరిక చీటీలు అతికించవచ్చు. సవరణలను నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ప్రకటనలతో సరిచూసుకునే అలవాటు విద్యార్థులకు తొలి ఏడాదిలోనే నేర్పవచ్చు. మరబోట్ల డ్రైవర్ల కోసం కందెన మార్పిడి, ఇంధన వడపోత, శీతలీకరణ, అగ్నిప్రమాద జాగ్రత్తలపై బొమ్మలతో చిన్న తెలుగు పుస్తకాలు అందించవచ్చు. వీటికయ్యే ఖర్చు ఒక ఇంజను మరమ్మతు ఖర్చుతో పోలిస్తే స్వల్పమే. ప్రమాదం జరిగాక విచారణ సంఘం వేసేకంటే ముందే సరైన పుస్తకం చేతికివ్వడం మేలు.