చెప్పుకోలేని నొప్పి

స్త్రీల శరీరాల మీద జరిగే హింస గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, అవసరం లేకుండా గర్భసంచులు తీసేయడం, కాన్పుల వార్డుల్లో తిట్లు, దెబ్బలు, అన్నిటి గురించీ రాసుకున్నాం. ఆ స్త్రీలే డెబ్భై, ఎనభై ఏళ్ళకొచ్చి మంచాన పడేసరికి వాళ్ళ శరీరం మన చర్చల్లోంచి మాయమైపోతుంది. అప్పుడు మనం మాట్లాడేదల్లా పెన్షను గురించి, ఆస్తి గురించి, కొడుకులు చూడకపోవడం గురించి. అవన్నీ మాట్లాడవలసినవే. కానీ ఆమెకి నొప్పిగా ఉందా, ఎక్కడ, ఎప్పుడు, ఎంత అని అడిగేదెవరు? మతి తప్పి, అడిగినా చెప్పలేని స్థితిలో ఉంటే కనుక్కునేదెవరు? ఇది ఒక్క డాక్టర్లకే వదిలేయాల్సిన ప్రశ్న కాదనీ, ఇది హక్కుల ప్రశ్న అనీ నా అభిప్రాయం.

ముందు చెప్పగలిగిన వాళ్ళ సంగతి చూద్దాం. మా సంఘం తరఫున వయసు మళ్ళిన స్త్రీలని ఆస్పత్రికి తీసుకెళ్ళడం నా పనుల్లో ఒకటి. డాక్టరు 'నొప్పులేమన్నా ఉన్నాయా అమ్మా?' అంటే 'ఏం లేవు బాబూ' అంటుంది. బయటికొచ్చి బెంచీ మీద కూలబడి 'మోకాళ్ళు పీకేస్తున్నాయే తల్లీ, రాత్రంతా కన్ను మూతపడలేదు' అంటుంది. లోపల చెప్పింది అబద్ధమేం కాదు. నొప్పి అనే మాటని ఆమె పురుటికో, కాలు విరిగిన రోజుకో కేటాయించుకుంది. మిగతావన్నీ ఆమెకి పీకుడు, లాగుడు, సలుపు, పోటు, మంట, తిమ్మిరి. తెలంగాణ పల్లెల్లోనైతే గుంజుడు, నొచ్చుడు. ఈ మాటలు వట్టి మాటలు కావు. అరికాళ్ళ మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండడం నరాలు దెబ్బతిన్నాయనడానికి గుర్తు కావచ్చు. షుగరున్న వాళ్ళలో ఇది మామూలు. కూర్చుని లేచేటప్పుడు పట్టేయడం కీళ్ళ అరుగుదల కావచ్చు. రెండింటికీ మందులు వేరు. 'సున్నా నుంచి పది దాకా ఎంతో చెప్పు' అని ఆస్పత్రి వాళ్ళు అడిగే ప్రశ్నకి జవాబు చెప్పలేని మనిషి, 'కాళ్ళు పీకుతున్నాయా? మంటగా ఉందా? ఇప్పుడుందా?' అంటే చక్కగా చెబుతుంది. కాస్త నిదానంగా, ఆమెకి వినపడేట్టు అడిగి, జవాబు కోసం ఆగాలి. అంతే.

మరి ఆమె తనంతట తాను ఎందుకు చెప్పదు? చిన్నప్పట్నుంచీ ఆడపిల్లకి నేర్పిందే ఓర్చుకోవడం. భూదేవంత ఓర్పు ఉన్నదని పొగిడీ పొగిడీ పంటి బిగువున భరించడం అలవాటు చేశాం. చెబితే ఖర్చు, చెబితే కోడలికి విసుగు, చెబితే ఆశ్రమంలో చేర్చేస్తారేమోనన్న భయం. పైగా ఆస్పత్రిలో డాక్టరు ఆమెని అడగడు, పక్కనున్న కొడుకుని అడుగుతాడు. తన ఒంటి గురించి మాట్లాడే హక్కు అక్కడే ఆమె చేతుల్లోంచి జారిపోతుంది. జీవితమంతా తండ్రి, భర్త మాట్లాడారు, ఇప్పుడు కొడుకు మాట్లాడుతున్నాడు.

మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా వచ్చిన వాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. మన దేశంలో 60 ఏళ్ళు దాటిన వాళ్ళలో నూటికి 7.4 మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువని కూడా చెప్పింది. జబ్బు మొదటి దశల్లో చాలామంది తమ నొప్పి తాము చెప్పగలరు. 'పోయిన వారం ఎలా ఉంది?' అంటే చెప్పలేరు గానీ, 'ఇప్పుడు ఇక్కడ నొప్పా?' అని చెయ్యేసి అడిగితే అవుననో కాదనో చెబుతారు. కాబట్టి ఎవరినైనా ముందు అడగాల్సిందే. మతి లేదు కదా అని అడగడమే మానేయడం మొదటి అన్యాయం.

జబ్బు ముదిరాక మాట పోతుంది. కానీ మోకాలి అరుగుదల పోదు, పుప్పి పన్ను పోదు, వీపు మీద పుండు పోదు. చెప్పే దారి మూసుకుపోయింది కాబట్టి ఆ నొప్పి వేరే దారిన బయటికొస్తుంది. స్నానం చేయిస్తుంటే కేకలేస్తుంది, బట్టలు మార్చబోతే కొడుతుంది, అన్నం ముద్ద నెట్టేస్తుంది, రాత్రంతా లేచి తిరుగుతుంది. కొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ముడుచుకుపోయి ఉలుకూ పలుకూ లేకుండా ఉంటారు. వీటన్నిటికీ మన ఇళ్ళల్లో పేర్లున్నాయి: చాదస్తం, మొండితనం, పిచ్చి, గాలి సోకడం. ఆస్పత్రుల్లో ఇంకో పేరుంది, 'బిహేవియర్ ప్రాబ్లం'. పేరు ఏదైనా పర్యవసానం ఒక్కటే. నిద్రమాత్రో, మనిషిని మొద్దుబార్చే ఇంకో మాత్రో ఇస్తారు. ఆ తర్వాత ఆమె అరవదు. ఇంట్లో వాళ్ళు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. డిమెన్షియా ఉన్న వృద్ధులకి కొన్ని రకాల మానసిక వ్యాధి మందులు వాడితే మరణించే ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే మందు పెట్టెల మీద హెచ్చరిక వేయించింది.

మా ఊళ్ళో ఒకావిడ సంగతి చెబుతాను. ఎనభై దాటిన మనిషి, కూతుర్ని కూడా గుర్తుపట్టదు. ఉన్నట్టుండి కేకలు మొదలుపెట్టింది. ఆస్పత్రికి తీసుకెళితే జబ్బు ముదిరిందని నిద్రకి మందు రాసిచ్చారు. ఒంటి మీద చెయ్యేసి చూసిన వాళ్ళు లేరు. ఆవిడకి నీళ్ళు పోయడానికి వచ్చే మనిషి మూడో రోజున నాతో అంది: 'పడుకున్నప్పుడు ఏమీ అనదమ్మా. ఎడం పక్కకి తిప్పితేనే అరుస్తుంది.' ఆ మాట పట్టుకుని ఎక్స్‌రే తీయిస్తే ఎడమ తుంటి ఎముక విరిగి ఉంది. ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు. నెలకి ఇంతని కూలి తీసుకునే ఆ మనిషి చేసింది అసలైన వైద్య పరీక్ష. ఎప్పుడు అరుస్తోంది, ఏం చేస్తే అరుస్తోంది, ఎప్పుడు ఊరుకుంటోంది అని గమనించి చెప్పింది. ఆ మాట రాయడానికి కేసు షీటులో చోటు లేదు.

ఇది ఒక్క మన ఊరి నిర్లక్ష్యమే అనుకోవడానికి లేదు. తుంటి విరిగి ఆస్పత్రిలో చేరిన వాళ్ళని అమెరికాలో ఇద్దరు డాక్టర్లు పరిశీలించి 2000లో ఫలితాలు ప్రచురించారు. డిమెన్షియా ముదిరిన వాళ్ళకి అందిన మార్ఫిన్ తరహా మందు, మతి సరిగా ఉన్న వాళ్ళకి అందిన దానిలో మూడో వంతు మాత్రమే. విరిగింది అదే ఎముక. అడగగలిగిన వాళ్ళకి అందింది, అడగలేని వాళ్ళకి అందలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగలేని అమ్మకి ఎవరు పెట్టాలి?

నార్వేలో 18 వృద్ధాశ్రమాల్లో జరిగిన మరో అధ్యయనం 2011లో వచ్చింది. డిమెన్షియా ముదిరి, ఆందోళనగా, కోపంగా ప్రవర్తిస్తున్న 352 మందిని తీసుకున్నారు. కొందరికి ఎప్పటిలాగే చూశారు. మిగిలిన వాళ్ళకి ఎనిమిది వారాలు క్రమపద్ధతిలో నొప్పి మందులిచ్చారు. వీళ్ళలో చాలామందికి ఇచ్చింది మామూలు పారాసిటమాలే. వాళ్ళ ఆందోళన సగటున 17 శాతం తగ్గింది. మనం పిచ్చి అనుకుంటున్న దానిలో కొంత భాగం నొప్పేనన్న మాట.

చెప్పలేని మనిషి నొప్పిని కొలవడం ఎలా అంటే, దానికి పద్ధతులున్నాయి. 2003లో అమెరికాలో తయారైన 'పెయినాడ్' అనే కొలబద్ద చాలా తేలికైనది. అయిదు విషయాలు చూడాలి. ఊపిరి ఎలా తీస్తోంది, మూలుగో ఏడుపో ఉందా, మొహం చిట్లిస్తోందా, ఒళ్ళు బిగపడుతోందా, పిడికిళ్ళు బిగిస్తోందా, దగ్గర కూర్చుని ఒళ్ళు నిమిరితే ఊరడిల్లుతోందా. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు చొప్పున వేస్తే మొత్తం పదికి వస్తుంది. కదలకుండా పడుకున్నప్పుడు మాత్రమే చూస్తే చాలదు. లేపేటప్పుడు, పక్కకి తిప్పేటప్పుడు, నీళ్ళు పోసేటప్పుడు చూడాలి. వచ్చిన అంకెని పక్కింటి ముసలమ్మ అంకెతో పోల్చకూడదు. ఈమె నిన్నటి అంకెతోనే పోల్చాలి.

ఈ కొలబద్దతో అంతా తేలిపోతుందని నేను అనడం లేదు. భయం వేసినా, ఆకలేసినా, చలేసినా మనిషి మూలుగుతుంది. అందుకే అంకె వేసి ఊరుకోకుండా కారణం వెతకాలి. నోరు తెరిచి పళ్ళు, చిగుళ్ళు చూడాలి. విరేచనం అయి ఎన్నాళ్ళయింది, ఒంటేలు సాఫీగా వస్తోందా, మంటగా ఉందా, పిరుదుల మీద, మడమల మీద పుండ్లున్నాయా, కాలి గోళ్ళు లోపలికి పెరిగాయా, ఈ మధ్య ఎక్కడన్నా పడిందా అని చూడాలి. ఏదీ దొరక్కపోతే డాక్టరు సలహాతో కొన్నాళ్ళు వేళకి పారాసిటమాల్ ఇచ్చి, మళ్ళీ అదే పద్ధతిలో చూడాలి. మనిషి నెమ్మదిస్తే అది నొప్పేనని చాలావరకు తెలిసినట్టు.

నొప్పి మందులు పెద్దవాళ్ళకి మంచివి కావు కదా అని కొందరు అడుగుతారు. సరిగా చూడకుండా ఇచ్చేవి మంచివి కావు. ఊళ్ళల్లో ఆర్.ఎం.పి.లు వేసే డైక్లోఫినాక్ ఇంజెక్షన్లు, దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు వృద్ధుల మూత్రపిండాలని, కడుపుని దెబ్బతీస్తాయి. నొప్పి ఎక్కడో, ఎందుకో తెలియకుండా మందు మింగించడం కూడా ఆమెని పట్టించుకోకపోవడంలో భాగమే. నొప్పిని కనిపెట్టి కొలిస్తేనే ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు అన్నది తేలుతుంది.

ఇక ఇదంతా చూసేదెవరు? మన ఇళ్ళల్లో ఈ చాకిరీ చేసేది కోడలు, కూతురు, లేకపోతే జీతానికి పెట్టుకున్న ఆయా. ఇప్పుడు దీన్ని కూడా కోడలి నెత్తిన మరో బాధ్యతగా పెడితే మనం ఒక స్త్రీ హక్కు కోసం మరో స్త్రీ నడుం విరిచినట్టవుతుంది. కొడుకులు కూడా స్నానం చేయించాలి, పక్క మార్చాలి, రాత్రి లేవాలి. అప్పుడే తల్లి మూలుగుకి అర్థం వాళ్ళకి తెలుస్తుంది. ఆయాల పనికి తగిన కూలీ, శిక్షణ, గుర్తింపు ఇవ్వాలి.

చట్టం దగ్గర మనకి కొంత ఆసరా ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో పోషణ అంటే తిండి, బట్ట, నీడ మాత్రమే కాదు, వైద్యం కూడా. మార్ఫిన్ వంటి మందులు రోగులకి అందకుండా అడ్డుపడుతున్న మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించారు. నొప్పికి చికిత్స పొందడం మానవ హక్కు అని 2010లో మాంట్రియల్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రకటించింది. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2020లో తన నిర్వచనాన్ని మార్చుకుంటూ, మాటలతో చెప్పడం అనేది నొప్పిని తెలిపే అనేక మార్గాల్లో ఒకటి మాత్రమేననీ, చెప్పలేనంత మాత్రాన నొప్పి లేనట్టు కాదనీ స్పష్టంగా రాసుకుంది. కేరళ 2008లోనే నొప్పి ఉపశమన సేవలకి ప్రభుత్వ విధానం తెచ్చుకుంది. తెలంగాణలో జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు మొదలయ్యాయి. వీటి తలుపులు కాన్సర్ రోగులతో పాటు డిమెన్షియా ఉన్న వాళ్ళకీ పూర్తిగా తెరవమని మనం అడగాలి.

మనం చేయగలిగింది ఇంకా ఉంది. వృద్ధాశ్రమానికి వెళ్ళినప్పుడు వంటగది చూస్తాం, మరుగుదొడ్లు చూస్తాం, మంచాలు లెక్కపెడతాం. ఇకమీదట 'ఇక్కడి వాళ్ళ నొప్పి రాసే పుస్తకం ఏది?' అని కూడా అడుగుదాం. జ్వరం, బి.పి. రాసే కాగితం మీదే నొప్పికీ ఒక గడి ఉండాలనీ, చూసుకునే మనిషి చెప్పిన మాటని ఆమె పేరుతో సహా అందులో రాయాలనీ పట్టుబడదాం. నిద్రమందు రాసే ముందు నొప్పి చూశారా అని డాక్టర్ని అడుగుదాం. ఆశా కార్యకర్తలకి, ఏ.ఎన్.ఎం.లకి ఈ అయిదు విషయాలు చూడడం ఒక్క పూటలో నేర్పవచ్చు. మన సంఘాల సమావేశాల్లోనే మొదలుపెట్టొచ్చు. మన సభ్యుల్లో ఇంట్లో మంచాన ఉన్న పెద్దావిడ లేని వాళ్ళెంతమంది?