పడతానన్న భయం

మా టేకుమట్లలో ఒక దర్జీ పెద్దాయనకు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చేయీ స్వాధీనం తప్పాయి. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, ఇంటి దగ్గర కొద్దికొద్దిగా నడిపించమని చెప్పి పంపారు. పరామర్శకు వెళ్లిన మమ్మల్ని ఆయన అడిగిన మొదటి మాట నమాజు గురించే. మేము హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారి హదీసు వినిపించాము. మొలల వ్యాధితో బాధపడుతున్న ఆయనకు దైవప్రవక్త (స) నిలబడి నమాజు చేయమనీ, చేతకాకుంటే కూర్చుని, అదీ చేతకాకుంటే పక్కకు ఒత్తిగిలి చేయమనీ బోధించారు. పెద్దాయన కళ్లు చెమర్చాయి. మేము తృప్తిగా తిరిగి వచ్చాము.

రెండు నెలల తర్వాత వెళ్తే ఆయన అదే మంచం మీద ఉన్నారు. మధ్యలో ఒకసారి స్నానాల గది గడప దగ్గర పడ్డారట. ఎముక విరగలేదు గానీ ఇంట్లోకి భయం ప్రవేశించింది. కాస్త కదిలితే చాలు, "అబ్బా, లేవకండి, పడిపోతారు" అని కొడుకు పరుగెత్తుకొస్తున్నాడు. భార్య గ్లాసు నీళ్లు సైతం చేతికే అందిస్తున్నారు. "మీరే చెప్పారు కదా మౌలానా, పడుకుని చదివినా చెల్లుతుందని" అన్నారాయన. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది.

కూర్చుని నమాజు మొదలుపెట్టిన రోగికి మధ్యలో శక్తి వస్తే, మిగిలినది నిలబడి పూర్తి చేయాలని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. రుఖ్సత్ మెట్లు దిగడానికే కాదు, ఎక్కడానికి కూడా. ఏటేటా పిల్లలకు మేము చెప్పే పాఠమే ఇది. ఆ మంచం పక్కన మాత్రం సగమే చెప్పి వచ్చాము.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి చూశాడు. భయపడి కదలకుంటే కండరాలు క్షీణిస్తాయి, తూకం తప్పుతుంది, నిజంగా పడే ముప్పు పెరుగుతుంది అన్నాడు. అందుకని ధైర్యవచనాలు పలకలేదు, పని మొదలుపెట్టాడు. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి, అందులోంచి లేవడం, కూర్చోవడం చేయించాడు. పక్క మీద నుంచి లేవగానే నిలబడవద్దు, కాళ్లు కిందికి వేసి కాసేపు కూర్చోవాలి అన్నాడు. రక్తపోటు మాత్రలు వేసుకునే వారికి లేవగానే కళ్లు తిరగవచ్చు. కర్ర మంచి చేతిలో ఉండాలి. తోడు ఉండేవారు బలహీనమైన పక్కన, కాస్త వెనుకగా నిలబడి నడుముకు కట్టిన పటకా పట్టుకోవాలి. ఆ చేయి పట్టి లాగితే భుజం కీలు తప్పుతుంది. కొడుకు ఇన్నాళ్లూ చేసింది అదే!

అన్నిటికంటే మమ్మల్ని ఆశ్చర్యపరచినది, పడితే లేవడం నేర్పడం. నేల మీద బొంత పరిపించి, పెద్దాయనను మంచి పక్కకు ఒత్తిగిలమని, మోచేతి మీద లేచి, మోకాళ్ల మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని, మంచి పాదం ముందు మోపి లేవమన్నాడు. మూడోసారికి ఆయన లేచారు. ఆయన ముఖం ఆ రోజు మారింది. పడటమంటే అంతా ముగిసిపోవడం కాదని ఆయన ఒంటికి తెలిసింది. (పడినప్పుడు తలకు దెబ్బ తగిలితే, ముఖ్యంగా రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి తీవ్రంగా ఉంటే లేపకూడదు.)

ఇంటివాళ్లమే అన్నీ చేసుకుంటాం, ఫిజియో ఎందుకు అనేవారికి ఒక మాట. మన దేశంలోని 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో జరిగిన 'అటెండ్' అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లోనే అభ్యాసాలు చేయించినా, ఆరు నెలలకు మామూలు చికిత్స కంటే అదనపు మేలు కనిపించలేదు. ఇంటివారి ప్రేమ అవసరమే; తెలిసినవాడి చూపూ అవసరమే.

కర్ర పట్టుకుని, కొడుకు ఆసరాతో మసీదుకు రావడం పెద్దాయనకు నామోషీగా ఉండేది. దైవప్రవక్త (స) చివరి జబ్బులో హజ్రత్ అబ్బాస్, హజ్రత్ అలీ (రజి) గార్ల మధ్య ఆనుకుని, పాదాలు నేల మీద ఈడుస్తూ మసీదుకు వెళ్లిన సంగతి చెప్పాము. హజ్రత్ ఆయిషా (రజి) గారి ఉల్లేఖనం అది. ఆయన ఏమీ అనలేదు. వుజూకు ఒక ఎత్తుపీట, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ, రాత్రికి ఒక చిన్న బల్బు మాత్రం పెట్టించమని కొడుకుకు చెప్పారు.

మొన్న జుమాకు వచ్చారు. వరుస చివర గోడ పక్కన నిలబడి రెండు రకాతులూ మొదలుపెట్టారు. రెండో రకాతులో కుర్చీలో కూర్చున్నారు. బయటికి వెళ్తున్నప్పుడు, కొడుకు చేయి ఆయన నడుము దగ్గరే ఉంది గానీ పటకాను తాకడం లేదు.