కొలువిచ్చిన నగరం ఇల్లివ్వదా?

హైటెక్ సిటీ పేరెత్తితే ముఖం చిట్లించే పెద్దలు మన సముదాయంలో ఇంకా ఉన్నారు. వారితో మేము ఏకీభవించము. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఆ ప్రాంతం మన బిడ్డలకూ అన్నం పెడుతున్నది. కడప, కర్నూలు, నిజామాబాద్‌ల నుండి వచ్చిన మన యువతీయువకులు అక్కడ స్వశక్తితో కొలువులు సంపాదించారు. చెల్లెలి చదువుకూ, తండ్రి వైద్యానికీ ఆ జీతమే ఆధారమైన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి.

అయితే ఆ కొలువు పక్కనే ఇల్లు వెదకబోతే సంగతి మారిపోతున్నది. ఫోనులో ఖాళీగా ఉన్న ఇల్లు, పేరు చెప్పగానే నిండిపోతున్నది. అసోసియేషన్ ఒప్పుకోదని యజమాని అంటాడు. యజమానికే ఇష్టం లేదని అసోసియేషన్ అంటుంది. కొందరు మాంసాహారాన్ని సాకుగా చూపుతారు. ఆదివారం నాడు మాంసం దుకాణాల ముందు బారులు తీరే ఈ తెలంగాణలో ఆ సాకు ఎవరిని నమ్మించగలదు?

మణికొండ దర్గా భూముల వివాదంలో 2022లో సుప్రీంకోర్టు ప్రభుత్వ పక్షాన తీర్పు చెప్పింది. దానిని మేమిక్కడ తిరగదోడడం లేదు. భూమి ఎవరిదో న్యాయస్థానం తేల్చింది. ఆ చుట్టుపక్కల మనం అద్దెకైనా ఉండవచ్చునో లేదో ఎవరు తేలుస్తారు?

ఇల్లు దొరకని వారు టోలిచౌకీకో, పాతబస్తీకో మరలిపోతున్నారు. చార్మినార్ నుండి హైటెక్ సిటీ సుమారు 20 కిలోమీటర్లు. ఫలక్‌నుమా వరకు రావలసిన మెట్రో 2020లో ఎంజీబీఎస్ వద్దనే ఆగింది. 2024లో పాతబస్తీ మార్గానికి శంకుస్థాపన చేశారు. రైలు మాత్రం రాలేదు. ముస్లింలు తమలో తామే గిరి గీసుకుని బతుకుతారని ఎద్దేవా చేసేవారిని మేము అడుగుతున్నాము: ఆ గిరి గీసినది ఎవరు?

చట్టంలోనూ లోపమున్నది. రాజ్యాంగం 15వ అధికరణం మతం పేరిట వివక్ష చూపరాదని ప్రభుత్వాన్ని శాసించింది. దుకాణాలు, హోటళ్లు, బావులలో ప్రవేశాన్ని నిరాకరించరాదన్నది. అద్దె ఇంటి ప్రస్తావన అందులో లేదు. పార్సీల గృహ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమవారికే పరిమితం చేసుకునే నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. సమాన అవకాశాల కమిషన్ కావాలని 2006లో సచార్ కమిటీ సిఫారసు చేసింది. 2008లో మాధవ మీనన్ నిపుణుల బృందం దానిపై నివేదిక సమర్పించింది. అది నేటికీ చట్టం కాలేదు.

కనుక మతం, కులం పేరిట ఇల్లు నిరాకరించడాన్ని శిక్షార్హం చేసే చట్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం తేవాలి. ఈ అవమానం దళిత సోదరులకూ నిత్యానుభవమే. వారితో కలిసి అడుగుదాం. ఐటీ కంపెనీలకు భూములిచ్చి రాయితీలిచ్చే ప్రభుత్వం, అక్కడ పనిచేసేవారి నివాస హక్కును పట్టించుకోకపోవడం తగదు.

మన వంతు పనీ ఉన్నది. అవమానం జరిగినప్పుడు మౌనంగా మరో ఇల్లు చూసుకోవడం మనకు అలవాటైపోయింది. ఇకపై ఏ తేదీన, ఏ చిరునామాలో, ఏమని నిరాకరించారో రాసిపెట్టండి. వచ్చిన సందేశాలను భద్రపరచండి. మైనారిటీల కమిషన్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. జీవితమంతా కార్యాలయాలలో దస్త్రాలు రాసిన మాకు ఈ సంగతి బాగా తెలుసు.