వాళ్ల నేలను అడిగే ముందు

టల్సాలో ఓ మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మా ఇల్లున్నది మస్కోగీ తెగ రిజర్వేషన్‌లోనని ఇల్లు కొన్న ఎనిమిదేళ్లకు గానీ తెలియలేదు. ఆ రిజర్వేషన్‌ను అమెరికా కాంగ్రెస్ ఎన్నడూ రద్దు చేయలేదని 2020 జులైలో సుప్రీంకోర్టు తేల్చాక తెలిసింది.

2022 జూన్ 24న అదే కోర్టు అబార్షన్ హక్కును కొట్టేసింది. మా ఓక్లహోమా రాష్ట్రంలో అప్పటికే దాదాపు పూర్తి నిషేధం ఉంది. తెగల నేల మీద అబార్షన్ క్లినిక్ తెరిస్తే రాష్ట్రం ఏం చేస్తుందన్న మాట అంతటా వినిపించింది. గవర్నర్ కెవిన్ స్టిట్, తనూ చెరొకీ నేషన్ పౌరుడే, తెగలు అలా చేస్తాయేమోనని మేలోనే టీవీలో హెచ్చరించాడు. మా తెలుగువాళ్ల భోజనాల దగ్గర ఎవరో ఆ క్లినిక్ మాట ఎత్తితే నేనూ బాగుందన్నాను.

మర్నాడు షాపులో నా పక్కన పనిచేసే చెరొకీ అమ్మాయిని దాని గురించి అడిగాను. ట్రే మీద మాత్రలు ఐదేసి లెక్కపెట్టి పక్కకు జరుపుతోంది. చెయ్యి ఆపింది. “మా ఆస్పత్రుల్లో అబార్షన్ మా అమ్మ చిన్నప్పటి నుంచీ లేదు. అప్పుడు ఎవరూ అడగలేదే?” అంది. మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టింది.

ఆమె అన్నది నిజం. తెగల ఆస్పత్రులను చూసే ఇండియన్ హెల్త్ సర్వీస్ నడిచేది కేంద్రం డబ్బుతో. 1976లో వచ్చిన హైడ్ సవరణ వల్ల ప్రాణాపాయం, అత్యాచారం లాంటి కొద్ది సందర్భాల్లో తప్ప ఆ డబ్బుతో అబార్షన్ చేయకూడదు. గర్భం రాకుండా వేసుకునే ప్లాన్ బి మాత్ర సంగతీ అంతే. 2013 నుంచి మా షాపులో ఏ వయసు వాళ్లయినా చీటీ లేకుండా కొనుక్కోవచ్చు. అదే వెసులుబాటు తెగల ఆస్పత్రులకు నిబంధనగా రావడానికి 2015 దాకా పట్టింది. అదీ సౌత్ డకోటాలో చారన్ అసెటోయర్ లాంటి ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే.

ఇంకా వెనక్కి వెళ్తే గుండె తరుక్కుపోతుంది. 1972లో ఇరవై ఆరేళ్ల తెగ యువతి ఒకామె డాక్టర్ కొనీ పింకర్టన్-యూరీ దగ్గరికి వచ్చి, తనకు గర్భసంచి మార్చిపెట్టమని అడిగింది. ఇరవయ్యో ఏట తీసేశారు, మళ్లీ పెట్టవచ్చనుకుంది. ఆ డాక్టరు ఆరా తీసిన చోట్లలో మా ఊరికి అరగంట దూరంలోని క్లేర్‌మోర్ ఇండియన్ ఆస్పత్రి ఒకటి. ప్రభుత్వ ఆడిట్ సంస్థ 1976లో నివేదిక ఇచ్చింది. ఇండియన్ హెల్త్ సర్వీస్‌కున్న పన్నెండు ప్రాంతాల్లో నాలుగింటిని మాత్రమే చూస్తే, 1973-76 మధ్య పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్లు 3,406. అంగీకార పత్రాలు నిబంధనల ప్రకారం లేవు. ఆ నివేదిక రాసినవాళ్లు ఆపరేషన్ జరిగిన ఆడవాళ్లలో ఒక్కరినీ కలిసి మాట్లాడలేదు.

అదే 1976లో మా అమ్మ పశ్చిమ గోదావరిలో ఏఎన్‌ఎమ్. కు.ని. ఆపరేషన్లకు కేసులు తెమ్మని పైనుంచి ఒత్తిడి. ఆ ఏడాది గురించి అమ్మ చివరిదాకా మాట్లాడలేదు.

తెగల్లో అందరిదీ ఒకే మాట కాదు. 2006లో సౌత్ డకోటా అబార్షన్‌ను నిషేధిస్తే, ఓగ్లాలా సూ తెగకు తొలి మహిళా అధ్యక్షురాలు, నర్సుగా పనిచేసిన సిసీలియా ఫైర్ థండర్ తన నేల మీద క్లినిక్ పెడతానంది. తెగ కౌన్సిల్ రిజర్వేషన్‌లో అబార్షన్‌ను నిషేధించి ఆమెను పదవి నుంచి దించేసింది. నాకు ఆ నిర్ణయం నచ్చలేదు. కానీ నిర్ణయించుకోవాల్సింది వాళ్లే. స్వపరిపాలన అంటే అదే కదా.

పైగా ఆ నేల మీద రాష్ట్రం చెయ్యి లేదనుకోవడం భ్రమ. ఏ తెగకూ చెందనివాళ్ల నేరాలను తెగ కోర్టులు విచారించకూడదని 1978లోనే తీర్పు వచ్చింది. 2022లో అబార్షన్ తీర్పు వచ్చిన ఐదు రోజులకే, మా టల్సా కేసులోనే, బయటివాళ్లు తెగవాళ్ల మీద చేసే నేరాల్లో రాష్ట్రమూ కేసు పెట్టవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. మన కోసం క్లినిక్ తెరిస్తే ఆ కేసుల బరువు మోయాల్సింది తెగలే.

హైడ్ సవరణను ఏటా బడ్జెట్ బిల్లుల్లో పెట్టి మళ్లీ ఆమోదిస్తున్నారు. ఇక్కడ ఓటున్న తెలుగువాళ్లను వేడుకుంటున్నాను: ఈసారి మీ సెనేటర్ ఆఫీసుకు ఫోన్ చేయండి. ఆ సవరణ తీసేయమని, ఇండియన్ హెల్త్ సర్వీస్‌కు డబ్బు పెంచమని అడగండి.