లారీ ఇంజను మార్చాలా?

పాత లారీ మీద బ్రతికే కుటుంబాలలో ఈ ప్రశ్న వంటింటి దాకా వస్తుంది. చేతిలో డబ్బు లేనప్పుడు ఇల్లాలి మెడలోని గొలుసే తాకట్టుకు వెళ్తుంది గదా! కనుక సహోదరీలారా, గొలుసు తీసి ఇచ్చే ముందు నాలుగు మాటలు అడగండి. అడగడంలో తప్పు లేదు.

బండి దారిలో ఆగిన ప్రతిసారీ తప్పు ఇంజనుదేనా? డీజిల్ ఫిల్టరు మూసుకుపోయినా, డీజిల్ పైపులో గాలి చేరినా బండి ఆగుతుంది. అవి చిన్న ఖర్చులు. నల్లపొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టరు, నాజిళ్లు చూపించాలి. నీలిపొగ వస్తూ, ఇంజనాయిల్ తరచూ పోయవలసి వస్తుంటే మాత్రం రింగులు, లైనర్లు అరిగాయేమోనని అనుమానించాలి. అప్పుడైనా కంప్రెషన్ కొలిపించి, ఆ అంకెలు కాగితం మీద వ్రాయించుకోండి. మెకానిక్ నోటిమాట చాలదు.

అరుగుదలే అయితే ఇంజను దింపించి లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్పించుకోవచ్చు. బ్లాకు పగిలినప్పుడు వేరే ఇంజను సంగతి ఆలోచించాలి. విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇంజన్లు దొరుకుతాయి గాని, దాని పూర్వచరిత్ర అమ్మేవానికే తెలియకపోవచ్చు. స్టార్టు చేయించి చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. ఇంకొక సంగతి, ఆర్.సి.లో ఇంజను నంబరు ఉంటుంది. రవాణా కార్యాలయంలో మార్పు నమోదు చేయించకపోతే తరువాత ఇన్సూరెన్సుతో చిక్కులు రావచ్చు.

గత ఆరు నెలలలో బండి ఎన్ని రోజులు నిలిచిందో, ఎంత కిరాయి పోయిందో, మరమ్మతుకు ఎంత అయిందో కూర్చుని లెక్క వేయండి. క్యాబిన్, ఛాసిస్ కూడా తుప్పు పట్టి ఉంటే ఇంజను కొనడం కంటే బండి అమ్మడమే మేలు. లెక్క వేసేటప్పుడు డ్రైవరును కూడా పిలవండి. ఎక్కడెక్కడ ఆగిందో అతనికే బాగా గుర్తుంటుంది.