గీత బయట ఉన్నా బంతి మీ చేతిలోనే

సాయంత్రం క్లాసులయ్యాక తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడుతుంటే పక్కన కాసేపు నిలబడి చూడండి. బంతి పక్క గీత దాటుతుంది. దగ్గర్లో ఉన్నవాడు పరుగెత్తి తెస్తాడు. ‘వెయ్ రా, తొందరగా’ అని ఎవరో అరుస్తారు. ఎటు చూడకుండా విసిరేస్తాడు. చాలాసార్లు అది ఎదుటి జట్టు కాళ్ల దగ్గరే పడుతుంది. దానికి ఎవరూ బాధపడరు. గోల్ మిస్సయితే వారం రోజులు తిట్టుకునే జట్టు, త్రో-ఇన్ పాడైతే మరుక్షణమే మర్చిపోతుంది.

ఉద్యోగాల పేజీకి దీంతో పనేంటి అంటారా? ఉంది, వినండి.

పెద్ద స్థాయి మ్యాచ్‌లో రెండు జట్లకూ కలిపి సుమారు 40 త్రో-ఇన్‌లు వస్తాయి. కార్నర్ కిక్‌లు పది వస్తే గొప్ప. అయినా అందరూ సాధన చేసేది కార్నర్లే. నిజానికి త్రో-ఇన్‌కి నిబంధనలే సాయం చేస్తున్నాయి. దాన్నుంచి నేరుగా బంతి అందుకున్నవాడికి ఆఫ్‌సైడ్ లేదు. ఎదుటివాళ్లు కనీసం 2 మీటర్లు దూరంగా ఉండాలి. గోల్‌కీపర్ కానివాడు చేతులు వాడే హక్కు ఇక్కడ మాత్రమే ఉంది. అయితే ఒక చిక్కూ ఉంది. విసిరేవాడు బయట ఉంటాడు గనక ఆ క్షణాన లోపల మనవాళ్లు 10 మంది, వాళ్లు 11 మంది. ముందుగా అనుకోకుండా వేస్తే పోయేది మన బంతే.

ఈ చిన్న సంగతిని పట్టుకుని బతుకుతెరువు కట్టుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. డెన్మార్క్‌కి చెందిన థామస్ గ్రొన్నెమార్క్. ఒకప్పుడు పరుగుపందేల క్రీడాకారుడు. 2004 నుంచి క్లబ్బులకు త్రో-ఇన్‌లు నేర్పుతూ వచ్చాడు. ‘త్రో-ఇన్ కోచ్’ అనే ఉద్యోగానికి ఏ నోటిఫికేషనూ లేదు, అసలు ఆ పేరే లేదు. 2018లో లివర్‌పూల్ మేనేజర్ యుర్గెన్ క్లోప్ ఆయన గురించి పేపర్లో చదివి పిలిపించుకున్నాడు. ఇంగ్లండ్‌లో మాజీ ఆటగాళ్లు కొందరు నవ్వారు. విసరడానికి కూడా ఓ కోచా అన్నారు. ఎదుటి జట్టు ఒత్తిడి పెట్టినప్పుడు త్రో-ఇన్ తర్వాత బంతిని నిలబెట్టుకోవడంలో అంతకుముందు లివర్‌పూల్ శాతం 45.4. ఏడాదిలో అది 68.4కి చేరింది. ఈ లెక్కలో లీగ్‌లో 18వ స్థానం నుంచి మొదటి స్థానానికి వచ్చింది. 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో ప్రీమియర్ లీగ్ గెలిచింది. అదంతా త్రో-ఇన్‌ల పుణ్యమే అంటే అతిశయోక్తి. కానీ నవ్వినవాళ్లు మాత్రం ఆపేశారు.

అంతకుముందే 2008లో స్టోక్ సిటీ ఆటగాడు రోరీ డెలాప్ ఇదే పని భుజబలంతో చేసి చూపించాడు. బంతిని తువ్వాలుతో తుడిచి గోల్ ముందుకు విసిరేవాడు. అతని భయానికి ఓ మ్యాచ్‌లో హల్ సిటీ గోల్‌కీపర్ త్రో-ఇన్ ఇవ్వడం కంటే కార్నర్ ఇవ్వడమే మేలనుకుని బంతిని తన గోల్ గీత బయటికి తన్నాడు!

ఇదంతా డబ్బున్న క్లబ్బుల సంగతి అనకండి. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు ఫుట్‌బాల్ స్వర్ణాలు తెచ్చిపెట్టారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని నియమం పెట్టి ఆయన పోటీలు నడిపేవారు. ఎవరూ పట్టించుకోని చోట సాధన చేయించడం మన తెలుగు నేలకి కొత్తేమీ కాదు.

మన కాలేజీ జట్లకు కావలసింది రోజూ 15 నిమిషాలు. రెండు కాళ్లూ నేలమీద, గీత మీద గానీ బయట గానీ ఉండాలి. రెండు చేతులతో తల వెనకనుంచి, తల మీదుగా విసరాలి. ఇది తప్పితే బంతి ఎదుటివాళ్లకే. ఇక ఒకడు దూరంగా పరుగెత్తి తనను కాపలా కాసేవాణ్ని లాక్కుపోవాలి. ఆ ఖాళీలోకి ఇంకొకడు రావాలి. విసిరినవాడు వెంటనే లోపలికి వచ్చి తిరిగి అందుకోవడానికి సిద్ధంగా ఉండాలి. దీనికి ఖరీదైన బూట్లు అక్కర్లేదు. సన్నటి గ్రౌండ్ కూడా అడ్డం కాదు. అక్కడ బంతి ఇంకా ఎక్కువసార్లు బయటికి పోతుంది కదా.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. ఆప్టిట్యూడ్ కోసం ఏడాది కోచింగ్ తీసుకుంటారు. ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు మాత్రం అప్పటికప్పుడు నోటికొచ్చింది చెబుతారు. చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటే ‘నో సర్’ అని లేచి వచ్చేస్తారు. దరఖాస్తులో ఇంటిపేరు స్పెల్లింగ్ ఆధార్‌లో ఒకలా, మార్కుల మెమోలో ఇంకోలా ఉందని సర్టిఫికెట్ల పరిశీలన రోజు కంగారు పడతారు. ఇవన్నీ అందరికీ ఉచితంగా వచ్చే బంతులు. ప్రతి ఇంటర్వ్యూలోనూ వస్తాయి. వీటి కోసం 15 నిమిషాలు ఎవరు కేటాయిస్తున్నారు?

ఇంకో మాట. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని ఏడాది చాలా బరువైనది. రేపల్లె ప్యాసింజర్‌లో వేమూరు, భట్టిప్రోలు దాటుతూ ఇంటికి వెళ్తుంటే, ఈసారి ఏం చెప్పాలన్న ఆలోచన కిటికీ పక్కనే కూర్చుంటుంది. ఆట లోపల జరుగుతోంది, మనం బయట ఉన్నాం అనిపిస్తుంది. నిజమే, బయటే ఉన్నారు. లోపల మీ తరఫున ఒకరు తక్కువే. అయినా కంగారుపడి కనిపించిన ప్రతి లింక్‌కీ ఒకే రెజ్యూమే విసిరేయకండి. తలెత్తి చూడండి. ఇప్పటికే లోపల ఉన్న మీ సీనియర్లలో ఎవరు ఖాళీలో ఉన్నారు? ఎవరికి ఫోన్ చేస్తే రెండు మాటలు చెబుతారు? వాళ్లకి వేసి ఊరుకోకండి, మీరూ వెంటనే లోపలికి అడుగేయండి.

రేపు సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్తే మాత్రం, ‘వెయ్ రా’ అని ఎవరైనా అరిచినప్పుడు ఒక్క క్షణం ఆగి చూసి వెయ్యండి.